వర్చువల్ సర్వర్ల కాలగణనమును గూర్చి సెర్ట్-ఇన్ మహానిర్దేశకులవారికి బహిరంగ లేఖ

ఆర్యా,

2022 ఏప్రిల్ 28వ తేదీన, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములోని 70-బి సెక్షను ననుసరించి సైబర్ భద్రతకు బాధ్యత వహించు తమ సంస్థ వెలువరించిన ఆదేశములలో మొట్టమొదటిది కాలమును గూర్చినది. ఈ దేశమునందలి సేవాసంస్థలు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయములు తమ యంత్రముల గడియారముల నన్నింటిని జాతీయ సమాచార కేంద్రపు ఎన్‌టీపీ (కాలమును పంచు) సర్వర్లతోగాని, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతోగాని, వానినుండి పరంపరగా కాలమును గ్రహించు సర్వర్లతోగాని జతపరచవలెనని అది శాసించినది. తక్కిన ఆదేశములను గూర్చి ఎంత వాదము చెలరేగినను, ఈ యొక్కటి మాత్రము సర్వర్ల నిర్వహణలో తలనెరసిన మాబోటివారికి చిరకాలముగా కావలసియుండినట్టిదే. నేరము జరిగిన క్షణమేదో నిశ్చయింపనిదే నేరస్థుని జాడ దొరకదు. ఆ క్షణమును చెప్పవలసినది సర్వరు వ్రాసుకొను లాగ్ మాత్రమే. ఆ లాగ్‌లోని కాలమే తప్పయినచో, తమ ఆదేశముల ప్రకారము 180 దినములపాటు దానిని భద్రపరచియుంచుటవలన తప్పు భద్రపడునేగాని సత్యము భద్రపడదు.

అయినను ఆ ఆదేశము కాలమును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో చెప్పినంత స్పష్టముగా, తెచ్చుకొన్న కాలమును యంత్రము ఎట్లు నిలుపుకొనవలెనో చెప్పలేదు. ఒక యంత్రమునకు ఒక గడియారమున్న దినములలో ఈ రెండవ విషయము విడిగా చెప్పవలసిన పని లేకుండెను. ఇప్పుడు కార్యాలయపు సర్వర్లలో బహుభాగము చేతితో తాకిచూపదగిన పెట్టెలు కావు. ఒక హోస్ట్ యంత్రముమీద పది యిరువది చొప్పున నడచు వర్చువల్ మెషిన్లు. వానికి తమదైన స్ఫటికము లేదు, తమదైన బ్యాటరీ లేదు. తమ గడియారమని అవి నమ్ముచున్నది, హోస్ట్‌మీద తమ్ము నడపు హైపర్‌వైజర్ చూపు నొక ఆభాస. ఈ ఆభాసకు లోబడియున్న యంత్రములవిషయమున, జాతీయ సర్వరు పేరు కాన్ఫిగరేషన్ ఫైలులో వ్రాసినంతమాత్రమున కాలము సరియైనదని భావించుట ప్రమాదకరమని నా దృఢవిశ్వాసము. ఈ లేఖ వ్రాయుటకు కారణమదియే.

తనిఖీకి వచ్చు ఆడిటరు సామాన్యముగా ఏమి చేయునో తమకు తెలియనిది కాదు. ఫైలు తెరచి చూపుమనును. అందులో జాతీయ సమాచార కేంద్రపు సమయ్ సర్వర్ల పేర్లో, ప్రయోగశాల సర్వరు పేరో కనబడగానే తన పట్టికలో టిక్కు పెట్టుకొని ముందునకు సాగును. ఆ క్షణముననే ఆ యంత్రపు గడియారము నలుబది సెకన్లు వెనుకబడియుండవచ్చును. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123వ పోర్టు మూసియుండుటచే ఆ సర్వరునుండి నెలల తరబడి ఒక్క ప్రత్యుత్తరమైనను రాకుండవచ్చును. ఎన్‌టీపీ ప్రక్రియ గడచిన వారమే అర్ధాంతరముగా ఆగిపోయియుండవచ్చును. ఫైలు ఈ మూడింటిలో దేనిని చెప్పదు. కాలమును సరిదిద్దు క్రోనీ అను ప్రక్రియను వాడుచున్న యంత్రముమీద రెండు చిన్న ఆజ్ఞలు ఇచ్చినచో చాలును: ఒకటి ప్రస్తుతపు తేడా యెంతయో సెకన్లలో చెప్పును, రెండవది ప్రతి మూలసర్వరునకు ‘రీచ్’ అను అంకెను చూపును. ఆ అంకె 377 అయినచో గడచిన ఎనిమిది ప్రశ్నలకును జవాబు వచ్చినదని అర్థము. సున్న అయినచో ఒక్కదానికిని రాలేదని అర్థము. ఆడిటరు అడుగవలసినది ఈ అంకెను.

వర్చువల్ యంత్రము కాలమును ఏల తప్పునో కొంత విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. ఏలయన కారణము తెలియని నిబంధన ఎంత మంచిదయినను ఆచరణలో ఒట్టి ఆచారమై మిగులును. పీసీ పుట్టిననాటినుండి అందులో సెకనుకు 11,93,182 మారులు కొట్టుకొను టైమరు చిప్పు ఒకటి ఉండెను. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ టైమరును నియమిత వ్యవధులలో తనను తట్టుమని కోరి, ఆ తట్టులను లెక్కించి కాలమును కూర్చుకొనెడిది. ఇనుప యంత్రముమీద ఈ పద్ధతి చక్కగా నడచినది. వర్చువల్ యంత్రముమీద తట్టవలసినది హైపర్‌వైజర్. కాని తట్టవలసిన క్షణమున ఆ గెస్ట్‌కు, అనగా ఆ వర్చువల్ యంత్రమునకు, ప్రాసెసర్ మీద వంతు రాకపోవచ్చును, అప్పుడు మరియొక గెస్ట్ అచ్చట నడచుచుండవచ్చును. గంటలు లెక్కపెట్టుటకు నియమింపబడినవాడు నడుమ నిద్రించినచో, మేల్కొన్న పిదప తాను వినని గంటలెన్నియో తనంతట చెప్పజాలడు. హైపర్‌వైజర్ ఈ లోటును తీర్చదలచి, బాకీపడిన తట్టులను గెస్ట్ మేల్కొన్నవెంటనే వడివడిగా అందించును. అందుచే గెస్ట్ గడియారము కొంతసేపు మందగించి, కొంతసేపు పరుగెత్తును. ఇంతలో గెస్ట్‌లోని కెర్నెల్ తానును ‘తట్టులు పోయినవి’ అని గ్రహించి, వానిని తనవంతుగా కలుపుకొన్నదా, ఒకే లోటు రెండుమారులు పూడ్చబడి గడియారము ముందునకు పోవును. ఉభయులు సదుద్దేశముతోనే చేసిన సవరణలు కలిసి కొత్త దోషమును పుట్టించుట ఈ రంగమున పదేపదే కనబడు ధర్మము. దీనిని మరల ప్రస్తావింపవలసివచ్చును.

లైనక్సు 2.4 కెర్నెల్ సెకనుకు 100 తట్టులతో తృప్తిపడెడిది. 2.6 వచ్చినప్పుడు ఆ సంఖ్య 1000కి పెరిగినది. ఒక హోస్ట్‌మీద ఇరువది గెస్ట్‌లున్నచో, అవి ఏ పనియు చేయక కూర్చున్నను, హైపర్‌వైజర్ సెకనుకు ఇరువదివేల తట్టులు అందింపవలసివచ్చినది; ఆ సంవత్సరములలో వర్చువల్ సర్వర్ల గడియారములు నిమిషముల కొలది తప్పినవని నిర్వాహకులు మొరపెట్టినారనిన వింతయేమి? 2005లో 2.6.13తో ఆ సంఖ్యను 250కి దించినారు, 2007లో 2.6.21తో, పనిలేని వేళ తట్టులే అక్కరలేని పద్ధతి వచ్చినది. పిమ్మట హైపర్‌వైజర్లు గెస్ట్‌తో దాపరికము మాని, ‘నీవు వర్చువల్ యంత్రమవు, ఇదిగో నా కాలము’ అని తమ స్మృతిలో నొక పుటను చూపసాగినవి. కేవీఎంలోని కేవీఎం-క్లాక్, హైపర్-వీలోని టీఎస్‌సీ పుట ఇట్టివి. ప్రాసెసర్‌లో నిరంతరము పెరుగుచుండు టీఎస్‌సీ అను లెక్కింపును చదివి, హోస్ట్ ఇచ్చిన గుణకముతో హెచ్చించి, గెస్ట్ తన కాలమును తెలిసికొనును. నిద్రించినను నష్టము లేదు. లేచి ఒక్కమారు చదివిన చాలును.

ఇంత చక్కని ఏర్పాటు వచ్చినపిదప సమస్య తీరినదని పలువురు తలచినారు. దోషము సగము తీరినది, తక్కిన సగము మరుగుపడినది. ముందుగా, గెస్ట్ ఏ గడియారమును ఎన్నుకొన్నదో చూచువారు అరుదు. కెర్నెల్‌లోని కావలి ఒకటి టీఎస్‌సీని మరియొక టైమరుతో పోల్చుచుండి, తేడా మితిమీరినచో దానిని ‘అస్థిరము’ అని ముద్రవేసి, హెచ్‌పెట్ వంటి నిదానపు గడియారమునకు మారిపోవును. ఆ సంగతి కెర్నెల్ సందేశములను చూపు డీమెసేజ్‌లో నొక పంక్తిగా మాత్రమే మిగులును. దానివలన కాలమును అడుగు ప్రతి పిలుపును భారమై, డేటాబేసు మందగించినదను ఫిర్యాదు వచ్చును. ఆ మందగింపునకును గడియారమునకును సంబంధమున్నదని తోచక, నిర్వాహకులు డిస్కులు మార్చుచు కాలక్షేపము చేయుదురు. రెండవది మరింత ముఖ్యము: కేవీఎం-క్లాక్ నడకను ఇచ్చునేగాని తేదీని సదా సరిదిద్దదు. గెస్ట్ తాను బూట్ అయినప్పుడు గంటయెంతయో అడిగి తెలిసికొని, అటుపిమ్మట తనంతట నడచుకొనును. కావున హోస్ట్ గడియారము బూట్ వేళ తప్పియున్నచో గెస్ట్ ఆ తప్పుతోనే జన్మించును. ఎన్‌టీపీయో క్రోనీయో లేకున్న ఆ తప్పుతోనే జీవించును. ‘మాది కొత్త హైపర్‌వైజర్, టైమ్ సింక్ తానే చూచుకొనును’ అను మాట ఈ కారణముచేత నిలువదు.

ఇక నా మతమున అన్నింటికంటె పెద్ద దోషము, ఒక్క గడియారమునకు ఇద్దరు యజమానులుండుట. గెస్ట్‌లోపల ఎన్‌టీపీ నడచుచుండును. వెలుపలనుండి హైపర్‌వైజర్ ఉపకరణములును ఆ గడియారమును దిద్దుచుండును. హైపర్-వీలో ఈ సేవ అప్రయత్నముగనే తెరచియుండును. వీఎంవేర్ ఉపకరణములలో ఆవర్తక సమన్వయమును మూసివేసితిమని నిర్వాహకుడు నిశ్చింతగా నుండగా, స్నాప్‌షాట్‌నుండి మేల్కొలిపినప్పుడో, ఒక హోస్ట్‌నుండి మరియొక హోస్ట్‌కు తరలించినప్పుడో, ఆ ఉపకరణములే ఒక్కమారు హోస్ట్ కాలమును గెస్ట్‌లో దించును. దానిని ఆపుటకు వేరు అమరికలు కలవు, వానిని ఎరిగినవారు కొలదిమంది. హోస్ట్ కాలము సరియైనదే యైనచో ఈ దింపుట ఉపకారమే. కాని హోస్ట్‌లకు ఎన్‌టీపీ పెట్టుట మరచి, గెస్ట్‌లకు మాత్రము శ్రద్ధగా పెట్టిన కార్యాలయములు నేను చూచినవానిలోనే కలవు. ఏలయన ఆదేశము, ఆడిటరు, అందరును చూచునది గెస్ట్‌నే. అట్టిచోట ఎన్‌టీపీ దినమంతయు మెల్లగా సరిదిద్దిన గడియారము, తరలింపు జరిగిన మరుక్షణమున తప్పుకాలములోనికి త్రోయబడును. ఎన్‌టీపీ మరల మెల్లగా లాగుకొనివచ్చును. ఉదయము చూచినవానికి అంతయు సవ్యముగనే కనబడును.

‘మెల్లగా’ అను మాటకు కొలత చెప్పవలెను. ఎన్‌టీపీ ప్రోటోకాల్‌ను రూపొందించి, దశాబ్దములపాటు పెంచిన డెలావేర్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ మిల్స్, గడియారమును కుదుపక సవరించుటకు సెకనుకు అర మిల్లీసెకను, అనగా పదిలక్షలకు 500 భాగములు, పరమావధిగా గైకొన్నాడు. ఈ లెక్కన ఒక్క సెకను తేడా తీరుటకు 2000 సెకన్లు పట్టును, దినమునకు 43.2 సెకన్లకు మించి తప్పు గడియారమును మెల్లని సవరణ ఎన్నటికిని పట్టుకొనజాలదు. తేడా 128 మిల్లీసెకన్లు దాటి నిలిచినచో ఎన్‌టీపీడీ అను ఎన్‌టీపీ ప్రక్రియ ఒక్క గంతున దిద్దును. వేయి సెకన్లు దాటినచో, ఇది నా శక్తికి మించిన తప్పని భావించి లాగ్‌లో నొక మాట వ్రాసి ఆగిపోవును. ఇనుప యంత్రమునందు వేయి సెకన్ల తేడా మహావిపత్తునకు సూచన. కాబట్టి ఆగిపోవుటయే వివేకము. కాని రాత్రి సస్పెండ్ చేసి ఉదయము మేల్కొలిపిన వర్చువల్ యంత్రమునకు వేయి సెకన్ల తేడా అతిసహజము. వివేకమని పెట్టిన నియమమే అచ్చట కాలరక్షకుని లేకుండ జేయును. క్రోనీ ఆగిపోదు, కాని పెక్కు పంపిణీలలో దానికి మొదటి మూడు సవరణలవరకే గంతువేయు అనుమతి కలదు. అటుపిమ్మట ఒక గంట తేడా వచ్చినచో, తన గరిష్ఠవేగముతో సవరించినను పండ్రెండు గంటలు పట్టును. ఆ పండ్రెండు గంటలలో పుట్టిన లాగ్ పంక్తులకు సాక్ష్యపు విలువ ఏమున్నది?

దోషమును కనుగొనుటకు నేను నమ్మిన మార్గము, తేడా యెంతయని కాక, తేడా కాలముతో ఏ రూపమున మారుచున్నదని చూచుట. నిమిషమునకొకమారు ఆ తేడాను వ్రాసియుంచి రెండు దినములు గీతగా గీచిన చాలును. అయితే పోల్చుకొను గడియారము అదే హోస్ట్‌మీది మరియొక గెస్ట్ కారాదు. ఒకే మూలమునుండి తప్పు గ్రహించిన రెండును తమలో తాము చక్కగా ఏకీభవించును. గీత అడ్డముగా నిలిచి, తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషములైనచో, అది గడియారపు దోషమే కాదు: వర్చువల్ యంత్రపు ఆర్‌టీసీని, అనగా బూట్ వేళ చదువు గడియారమును, హైపర్‌వైజర్ ఒక ప్రమాణమున చూపగా గెస్ట్ మరియొక ప్రమాణమున చదివినది. విండోస్ అందులో స్థానికకాలమును, లైనక్సు సామాన్యముగా సార్వత్రిక కాలమును ఆశించును. మన దేశమున ఈ దోషము ఇంత స్పష్టమైన గుర్తుతో కనబడుటకు కారణము, కాకినాడ చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును 1906లో దేశపు కాలమునకు ప్రమాణముగా నిలిపిన నిర్ణయమే.

గీత ఏటవాలుగా పోవుచున్నచో నడకలో తప్పున్నది, దిద్దువాడు లేడు. ‘రీచ్’ అంకెను, కెర్నెల్ ఎన్నుకొన్న గడియారమును చూడవలెను. రంపపుపండ్లవలె ఉన్నచో ఇద్దరు యజమానులున్నారు. రాత్రి నిలకడగా నుండి పనివేళలలో వెనుకబడుచున్నచో హోస్ట్‌మీద తాహతుకు మించి గెస్ట్‌లను ఎక్కించినారు. టాప్ ఆజ్ఞలో ‘ఎస్‌టీ’ అను గడి, అనగా తనకు రావలసి ఇతరులకు పోయిన ప్రాసెసర్ కాలము, దానిని బయటపెట్టును. హఠాత్తుగా కొండచరియవలె తెగిపడినచో ఆ నిమిషమునకు హైపర్‌వైజర్ ఘటనల పట్టికలో ఏమున్నదో చూడవలెను. పెక్కుమారులు అచ్చట బ్యాకప్ కొరకు తీసిన స్నాప్‌షాట్ కనబడును. ఈ పట్టికను చూచు అధికారము గెస్ట్ నిర్వాహకునకు ఉండదు. ఒకరు వర్చువల్ యంత్రమును, మరియొకరు హోస్ట్‌ను ఏలుచుండుటయే, సాంకేతిక కారణములకంటె ఎక్కువగా, ఈ దోషమును ఏండ్లతరబడి దాచియుంచుచున్నది.

దీనివలన నష్టపోవునది ఎవరని అడుగవచ్చును. కెర్బరోస్ అయిదు నిమిషముల తేడాను మాత్రమే సహించును. అది మీరినచో ఉద్యోగి పాస్‌వర్డ్ సరియైనదే యైనను లోపలికి రానేరడు. ఫోనులోని ఆప్ ముప్పది సెకన్లకొకమారు పుట్టించు ఓటీపీ, సర్వర్ గడియారము నిమిషము తప్పినంతనే చెల్లక పోవచ్చును. ఇవి బాధలే, కాని వెంటనే తెలియు బాధలు. నన్ను కలవరపెట్టునది తెలియని నష్టము. నేను చూచిన ఒక కార్యాలయములో, ఒక దస్త్రము చెరిపివేయబడిన వ్యవహారమున విచారణ జరిగినది. డేటాబేసు లాగ్ ప్రకారము చెరిపివేత జరిగిన వేళకు లాగిన్ అయియున్నది ఒక చిన్న ఉద్యోగిని మాత్రమే. లాగిన్ సర్వరును డేటాబేసు సర్వరును వేర్వేరు హోస్ట్‌లమీద నుండెను. రెండింటికిని నడుమ ఏడు నిమిషముల తేడా ఉన్నదని బయటపడుటకు ముందే ఆమె వ్రాతపూర్వకమైన సంజాయిషీ ఇచ్చుకొనవలసివచ్చినది. తేడా బయటపడినది గనుక ఆమె బయటపడినది. ఘటన జరిగిన ఆరు గంటలలో తమకు నివేదింపవలెనని ఆదేశించిన తమరు, ఆ నివేదికలలోని ప్రతి కాలముద్రవెనుక ఇట్టి మనుష్యులు నిలిచియుందురని ఎరుగనివారు కారు.

కావున నేను ప్రార్థించునది ఇది. కాలాదేశమునకు అనుబంధముగా వర్చువల్ యంత్రములకొక మార్గదర్శిని వెలువరింపుడు. అందులో మొదట హోస్ట్ మాట చెప్పుడు: జాతీయ కాలముతో ముందుగా జతపడవలసినది హోస్ట్, అది జతపడనంతవరకు గెస్ట్‌ల ధ్రువీకరణమునకు విలువయీయరాదు. ప్రతి గెస్ట్‌కును ఒకే కాలయజమాని యుండవలెనని, అతడెవడో వ్రాతమూలకముగా నిర్ణయింపవలెనని శాసింపుడు. గెస్ట్‌లోని క్రోనీయే యజమాని యైనచో ఉపకరణముల సమన్వయమును, తరలింపువేళల సమన్వయముతో సహా, మూయవలెను. కేవీఎంమీద పీటీపీ పరికరముద్వారా హోస్ట్ కాలమునే క్రోనీకి మూలముగా చూపుట ఇంకొక ఉత్తమమైన తెరువు. నిద్రించి లేచు యంత్రములలో గంతువేయు అనుమతి మొదటి మూడు సవరణలతో ముగియక సదా ఉండవలెను. అట్టి గంతు పడినప్పుడెల్ల దాని పరిమాణము లాగ్‌లో నమోదు కావలెను. ఇక ఎంత తేడావరకు క్షమ్యమో ఒక అంకె చెప్పుడు. అంకె లేని నిబంధనను కొలిచి చూచుట ఎవరితరమును కాదు.

సార్వత్రిక కాలమునకు అప్పుడప్పుడు కలుపు లీప్ సెకను మాట క్లుప్తముగా. 2012 జూన్ 30 నాటి లీప్ సెకనువేళ లైనక్సు కెర్నెల్‌లోని లోపముచే అనేక దేశములలో సర్వర్లు ఊపిరాడక నిలిచినవి. మనకది జూలై 1 ఉదయము అయిదున్నర గంటల సమయము. 2016 డిసెంబరు 31 తరువాత మరియొకటి రాలేదు. 2035 నాటికి ఈ పద్ధతికే స్వస్తి చెప్పుదమని తూనికలు కొలతల సార్వత్రిక సభ 2022లో తీర్మానించినది. అంతవరకైనను, ఆ సెకనును దినమంతయు పలుచగా పరచి ఇచ్చు మూలములను, అట్లు పరచని మూలములను ఒకే యంత్రమునకు కలిపి ఇయ్యరాదను ఒక్క పంక్తి మార్గదర్శినిలో నుండవలెను. ఆ దినమున అవి రెండును అర సెకనువరకు విభేదించును. ఎవరిని నమ్మవలెనో క్రోనీకి తోచదు.

చివరిది, నాకు అన్నింటికంటె ముఖ్యమైనది. లాగ్‌లను 180 దినములు ఉంచుమన్నవారు, ఆ లాగ్ వ్రాసిన యంత్రపు గడియారము ఏ నిమిషమున ఎంత తప్పియుండెనో చెప్పు కొలతలనుగూడ అన్ని దినములును ఉంచుమని ఆదేశింపుడు. క్రోనీ ఈ కొలతలను తానే వ్రాయగలదు. ఒక పంక్తి జోడించిన చాలును, స్థలమును అత్యల్పముగా పట్టును. ఆ కొలతలున్నచో తప్పిన కాలమునుగూడ లెక్కకట్టి సరిచేయవచ్చును, సంజాయిషీ అడుగుటకు ముందు విచారణాధికారి రెండు సర్వర్ల తేడాను తీసివేసి చూడవచ్చును. పెద్ద సంస్థలు దీనిని తమంతట చేసికొనగలవు. మండల కార్యాలయములలో, జిల్లా సహకార బ్యాంకులలో, చిన్న ఆసుపత్రులలో ఒక్కరే అన్ని సర్వర్లను చూచుకొనువారికి నమూనా కాన్ఫిగరేషన్ ఫైలు ఒకటి, హోస్ట్‌కు వేరుగా గెస్ట్‌కు వేరుగా, తమ సంస్థయే సిద్ధపరచి తెలుగుతో సహా ప్రాంతీయ భాషల వివరణతో అందింపవలెనని కోరుచున్నాను. దానిని పరీక్షించి చూచుటకు, దోషములు తెలుపుటకు, తెలుగు వివరణము వ్రాయుటకు నావంటివారము సిద్ధముగా నున్నాము.

ఇట్లు,
భవదీయుడు,
సర్వర్ల నిర్వహణమే వృత్తిగా గలవాడొకడు